రాజ్యసభలో పదకొండింటి మాట వేరు, రెండింటి మాట వేరు

పార్లమెంటు సమావేశాలు నడిచే రోజుల్లో కర్నూలులోనో కడపలోనో పత్రిక జిల్లా పేజీ తిప్పితే ఒక శీర్షిక తరచూ ఎదురవుతుంది: ‘రాజ్యసభలో గళమెత్తిన ఎంపీ’. పక్కన టీవీ తెర నుంచి తీసిన మసక ఫొటో, కింద నాలుగు పేరాలు. విషయం కడప ఉక్కు కావచ్చు, అనంతపురం వేరుశనగ రైతుల పంటల బీమా కావచ్చు, తుంగభద్ర దిగువ కాలువ చివరి పొలాలకు చేరని నీళ్ళు కావచ్చు. ఆ నాలుగు పేరాల్లో ఒక్క సమాచారం మాత్రం దాదాపు ఎప్పుడూ ఉండదు. ఆ మాట ఏ వేళకు, ఏ నిబంధన కింద అన్నారు? జీరో అవర్‌లోనా, ప్రశ్నగానా, ప్రత్యేక ప్రస్తావనగానా, బిల్లుపై చర్చలోనా? రాయలసీమ పాఠకుడికి అన్నిటికన్నా ముందు కావలసిన వివరం ఇదే. రాజ్యసభలో మాటకు బరువు తెచ్చేది గడియారం. గొంతు ఎంత పెద్దదైనా ఆ తూకం మారదు.

అసలు ఆ ఎంపీని ‘మన జిల్లా ఎంపీ’ అనడంతోనే పొరపాటు మొదలవుతుంది. లోక్‌సభకైతే కర్నూలు, నంద్యాల, అనంతపురం, హిందూపురం, కడప, రాజంపేట అని నియోజకవర్గాలున్నాయి. రాజ్యసభ సీటుకు ఊరు లేదు. ఆంధ్రప్రదేశ్‌కు ఉన్న 11 స్థానాలూ రాష్ట్రానివి. వాటికి ఓటర్లు 175 మంది ఎమ్మెల్యేలు. ఒకేసారి మూడు స్థానాలు ఖాళీ అయి ఎమ్మెల్యేలందరూ ఓటేస్తే గెలుపుకు 44 ఓట్లు కావాలి, నాలుగు ఖాళీ అయితే 36 చాలు. పాత కర్నూలు, అనంతపురం జిల్లాలకు చెరి 14 మంది, కడపకు 10 మంది, మొత్తం 38 మంది ఎమ్మెల్యేలు. అంటే నాలుగు ఖాళీలున్న ఏడాది ఈ మూడు జిల్లాలు పార్టీలు మరచి ఒక్కటైతే సొంత బలంతో ఒక సభ్యుడిని ఢిల్లీకి పంపవచ్చు. కాగితం మీద మాత్రమే లెండి. ప్రజాప్రాతినిధ్య చట్టానికి 2003లో చేసిన సవరణ తర్వాత ఎమ్మెల్యే తన ఓటును పార్టీ ఏజెంటుకు చూపించి మరీ వేయాలి. అదే సవరణ, పోటీచేసే వ్యక్తి ఆ రాష్ట్రంలో నివసిస్తూ ఉండాలన్న షరతునూ తీసేసింది. 2006లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది.

ఈ సీట్లకు ఊరు లేదనడానికి 2014 నాటి చీటీలను మించిన సాక్ష్యం అక్కరలేదు. రాష్ట్ర విభజన వేళ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి ఎన్నికైన రాజ్యసభ స్థానాలు 18. వాటిని 11, 7గా పంచడానికి లాటరీ తీశారు. కడప జిల్లాకు చెందిన సి.ఎం.రమేశ్ తెలంగాణ ఖాతాలో పడ్డారు. తెలంగాణ రాష్ట్ర సమితి నాయకుడు కె.కేశవరావు ఆంధ్రప్రదేశ్ సభ్యుడయ్యారు. 2020 వరకు రికార్డుల్లో అలాగే కొనసాగారు. రాష్ట్రాల కోసం నెలలపాటు కొట్లాడినవాళ్ళు ఒక చీటీతో అటు ఇటు అయిపోయారు. సభ పనిలో దాని వల్ల ఇసుమంత తేడా కూడా రాలేదు.

ఇక రోజు సంగతి. సభ ఉదయం పదకొండింటికి మొదలవుతుంది. ముందుగా పత్రాల సమర్పణ. మంత్రులు ఒక్కొక్కరే లేచి తమ శాఖల వార్షిక నివేదికలు, నోటిఫికేషన్లు సభ ముందు ఉంచుతున్నట్టు చెప్పి కూర్చుంటారు. కొద్ది నిమిషాల తంతు. గొడవతో సభ వాయిదా పడే రోజున కూడా సాధారణంగా ఈ ఒక్కటీ జరిగిపోతుంది.

తర్వాత జీరో అవర్. ఈ పేరు సభా నిబంధనల పుస్తకంలో ఎక్కడా లేదు. చైర్మన్ అనుమతితో అత్యవసర ప్రజా సమస్యను లేవనెత్తడం అన్నది ఆచారంగా వచ్చింది. సభ్యుడికి దొరికేది మూడు నిమిషాలు. గడువు దాటితే మైకు దానంతటదే ఆగిపోతుంది. 2018 నుంచి ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో మాట్లాడినా తక్షణ అనువాదానికి ఏర్పాటు ఉంది కనుక తెలుగులోనే మాట్లాడవచ్చు. అయినా కోసిగి, ఆదోని ప్రాంతపు పల్లెలు ఇళ్ళకు తాళాలు వేసి గుంటూరు వైపు మిరప కోతలకు తరలిపోవడాన్ని మూడు నిమిషాల్లో చెప్పడం ఎవరి తరం? వానల లెక్క చెప్పాలి, కాలువ కథ చెప్పాలి, బడి మానేసిన పిల్లల సంగతి చెప్పాలి. రెండో నిమిషానికి పూర్వరంగమే పూర్తికాదు. ఇతర సభ్యులు తామూ ఏకీభవిస్తున్నామంటే వారి పేర్లు రికార్డుకెక్కుతాయి. మంత్రి మాత్రం అక్కడికక్కడ జవాబివ్వాలన్న నియమం లేదు. పదకొండింటి మాట ఒక వినతి. జిల్లా పేజీలో గళమెత్తిన వార్తల్లో ఎక్కువ భాగం ఈ బాపతువే.

ప్రత్యేక ప్రస్తావన దీనికి ఒక మెట్టు పైన ఉంటుంది. 250 పదాలకు మించని పాఠాన్ని ముందే ఇచ్చి, ఆమోదం పొందిన ఆ పాఠాన్నే చదవాలి. ఆవేశానికి చోటు తక్కువ. కానీ దీనికి నిబంధనల పుస్తకంలో స్థానం ఉంది, సంబంధిత శాఖ తర్వాత లేఖ రూపంలో బదులివ్వాలి. వార్తగా ఇది పనికిరాదు, కాగితంగా పనికొస్తుంది.

మధ్యాహ్నం పన్నెండుకు ప్రశ్నోత్తరాల సమయం. పూర్వం ఇది పదకొండింటికే ఉండేది. పొద్దున్నే మొదలయ్యే గొడవలు ఈ గంటనే మింగేస్తున్నాయని 2014 శీతాకాల సమావేశాల నుంచి పన్నెండుకు జరిపారు. గొడవలు కూడా మెల్లగా తమ వేళ మార్చుకున్నాయన్నది వేరే సంగతి.

నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నలు రోజుకు 15. వీటికి మంత్రి నిలబడి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు ఎదుర్కోవాలి. గుర్తు లేనివి రోజుకు 160 వరకు ఉంటాయి. వీటికి లిఖిత సమాధానమే. ప్రశ్న వేయదలచినవారు కనీసం 15 రోజుల ముందు నోటీసివ్వాలి, ఆపైన లాటరీలో పేరు రావాలి. పదిహేను నక్షత్ర ప్రశ్నలూ సభలో పూర్తయ్యే రోజు బహు అరుదు. మిగిలినవాటికి జవాబులు కాగితంపైనే వస్తాయి. సీమకు పనికొచ్చే సరుకు ఎక్కువగా దొరికేది ఆ కాగితాల్లోనే. గొడవతో సభ ఒక్క నిమిషం కూడా నడవకపోయినా లిఖిత సమాధానాలు మాత్రం సభ ముందుకు వచ్చేస్తాయి. జీరో అవర్ కొట్టుకుపోయిన రోజున కూడా గుర్తులేని ప్రశ్న బతికి ఉంటుంది.

ఈ సమాధానాలకు ఒక భాష ఉంది. ప్రశ్నను (ఎ), (బి), (సి), (డి) అని ముక్కలు చేసి అడుగుతారు. శాఖ ‘(ఎ) నుంచి (డి) వరకు’ అని అన్నిటినీ ఒక మూటగా కట్టి ఒకే పేరా రాస్తుంది. అడిగిన నాలుగిట్లో ఏ ముక్కకు జవాబు రాలేదో వెతుక్కోవడం చదివేవారి పని. నీటి గురించి అడిగితే మొదటి వాక్యం చాలాసార్లు ‘నీరు రాష్ట్ర జాబితాలోని అంశం’ అనే ఉంటుంది. 2023-24 కేంద్ర బడ్జెట్టులో కర్ణాటకలో తుంగభద్రకు ఎగువన కట్టే ఎగువ భద్ర ప్రాజెక్టుకు 5,300 కోట్ల సాయం ప్రకటించారు. తుంగభద్ర మీద ఆధారపడిన కర్నూలు, అనంతపురం రైతులకు ఆ రోజు నుంచి ఈ వాక్యం మరీ వింతగా వినిపిస్తోంది. డబ్బు ఇచ్చేటప్పుడు కేంద్రం అంశం, జవాబు చెప్పేటప్పుడు రాష్ట్రం అంశం. ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అన్నది మరొక పడికట్టు మాట. మొదటి ముక్కకు ‘లేదు’ అన్న తర్వాత మిగతా మూడింటినీ ఈ ఒక్క మాటతో మూసేస్తారు.

అందుకే ప్రశ్న రాయడం ఒక విద్య. ఉదాహరణకు, కడప ఉక్కు పరిశ్రమ ప్రతిపాదన ప్రభుత్వ పరిశీలనలో ఉందా అని అడిగితే ఉందనో లేదనో వస్తుంది. ఆ రెంటిలో ఏదైనా కడపకు ఒరిగేదేమీ లేదు. సాధ్యాసాధ్యాల నివేదిక ఏ తేదీన అందింది, అందులో ఏ అంశం ప్రతికూలమని తేల్చారు, ఇనుప ఖనిజం ఎక్కడి నుంచి రావాలని లెక్కకట్టారు అని అడిగితే శాఖ ఏదో ఒక తేదీ, ఏదో ఒక అంకె రాసి తీరాలి. ఆ అంకె మీద మరో ప్రశ్న కట్టవచ్చు.

జవాబుల్లోని మాటలను తూకం వేసే కమిటీ కూడా ఒకటి రాజ్యసభకు ఉంది. ప్రభుత్వ హామీల కమిటీ, 1972 నుంచి పనిచేస్తోంది, పది మంది సభ్యులు. మంత్రి నోట ఏ మాట వస్తే హామీగా లెక్కించాలో ఒక జాబితా ఉంది. ‘విషయం పరిశీలనలో ఉంది’, ‘సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం’ వంటివి అందులోవి. మామూలు మనిషికి ఇవి తప్పించుకునే మాటల్లా వినిపిస్తాయి. కమిటీ లెక్కలో మాత్రం అవి బాకీలు. మూడు నెలల్లో తీర్చాలి, లేదా గడువు పొడిగించమని అడగాలి, లేదా ఆ హామీని వదిలేయమని కమిటీని ఒప్పించాలి. దీనికి భిన్నంగా ‘ప్రస్తుతం అటువంటి ప్రతిపాదన ఏదీ లేదు’ అన్నది బాకీ పడదు. అందుకే జవాబులు రాసే అధికారులకు ఈ రెంటికీ మధ్య తేడా బాగా తెలుసు. ఆ తేడా తెలియాల్సింది మన జిల్లా పేజీలకే. ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబును ‘మళ్ళీ నిరాశే’ అని, ‘ప్రస్తుతం లేదు’ అన్న దానిని ‘భవిష్యత్తులో అవకాశం’ అని రాసే సందర్భాలు తక్కువేమీ కావు.

భోజన విరామం తర్వాత రెండింటికి సభ మళ్ళీ కూడుతుంది. ఇక బిల్లుల వేళ. సందర్శకుల గ్యాలరీ పలచబడుతుంది, సభలో కోరం కావాలంటే 25 మంది ఉంటే చాలు. పొద్దుటి హడావుడిలో సగం కూడా ఉండదు. చట్టాలు మాత్రం ఈ పూటే తయారవుతాయి.

ఈ పూటతో కర్నూలుకు ఉన్న బంధం పాతది. ఆంధ్ర రాష్ట్ర బిల్లు 1953లో ఈ సభకు వచ్చింది. అప్పటికి సభకు రాజ్యసభ అన్న పేరు ఇంకా రాలేదు, అది 1954 ఆగస్టులో వచ్చింది. బళ్ళారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చింది ఆ బిల్లుతోనే. మొదటి రెండూ ఈనాటికీ కర్నూలు జిల్లాలోనే, మూడోది అనంతపురంలో ఉన్నాయి. సెప్టెంబర్ 2న ఆ చర్చలో అంబేడ్కర్ మాట్లాడారు. కొత్త రాష్ట్రంలో అల్పసంఖ్యాకులకు రక్షణ ఏమిటని, గవర్నరుకు అందుకోసం అధికారాలు ఎందుకు ఉండకూడదని నిలదీశారు. రాజ్యాంగం రాసింది మీరే కదా అని ఎదుటివారు దెప్పడంతో మాట మాట పెరిగింది. ఆ రాజ్యాంగాన్ని తగలబెట్టేవారిలో మొదటివాణ్ణి నేనే అవుతానన్న ఆయన మాట ఆనాటిదే. ఆ మాట దేశమంతా తిరిగింది, ఈనాటికీ తిరుగుతోంది. ఏ బిల్లు మీద అన్నారో చాలామందికి తెలియదు. 29 రోజుల తర్వాత, అక్టోబర్ 1న, కర్నూలులో గుడారాల మధ్య కొత్త రాష్ట్రం మొదలైంది. ఆ పూట చర్చలో జనానికి గుర్తున్నది ఒక్క వాక్యం. కర్నూలు జిల్లాకు మిగిలింది రెండు తాలూకాలు.

ఇక 2014 ఫిబ్రవరి 20. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు లోక్‌సభలో 18న గట్టెక్కి ఆ రోజు రాజ్యసభలో మూజువాణి ఓటుతో ఆమోదం పొందింది. ఒకే రోజు, ఒకే సభ, ఒకే విషయం. కానీ ఆ రోజు మాటలు రెండు వేర్వేరు పాత్రల్లో పడ్డాయి. ఒక పాత్ర ప్రధాని మన్మోహన్ సింగ్ చేసిన ఆరు అంశాల ప్రకటన. ఐదేళ్ళపాటు ప్రత్యేక హోదా, రాయలసీమకు, ఉత్తర కోస్తాకు ఒడిశాలోని కోరాపుట్, బొలంగీర్, కలహండి తరహాలో, బుందేల్‌ఖండ్ తరహాలో ప్రత్యేక ప్యాకేజీ అన్నవి అందులోవి. ఐదేళ్ళు చాలదు, పదేళ్ళు కావాలని ప్రతిపక్షం నుంచి వెంకయ్యనాయుడు పట్టుబట్టారు. రెండో పాత్ర బిల్లు. హోదా అన్న మాట అందులో లేదు.

ఎందుకు లేదో అర్థం కావడానికి క్యాలెండరు చూస్తే చాలు. రాజ్యసభ బిల్లులో ఒక్క సవరణ చేసినా అది తిరిగి లోక్‌సభకు వెళ్ళాలి. ఆ లోక్‌సభ చివరి సమావేశం మరుసటి రోజు, 21న, ముగిసింది. ప్రకటనకు ఆ అవసరం లేదు. చదివితే చాలు, రికార్డులో ఉంటుంది. చట్టంలో ఉండదు. 2016 సెప్టెంబర్‌లో హోదాకు బదులు ప్రత్యేక సాయం అని అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ ప్రకటించినప్పుడు కేంద్రం ఏ చట్టాన్నీ సవరించాల్సిన పని పడలేదు. సవరించడానికి అందులో ఏమీ లేదు కనుక. వెనుకబడిన ప్రాంతాల ప్యాకేజీ చివరికి ఏడు జిల్లాలకు ఏటా 50 కోట్ల చొప్పున తేలింది. మూడేళ్ళకు 1,050 కోట్లు. సీమలో అప్పటికి ఉన్న నాలుగు జిల్లాలు ఆ ఏడింటిలోవే.

చట్టంలోకి ఎక్కిన మాటలైనా అన్నీ ఒకే తూకం కావు. పదమూడో షెడ్యూలు చదివితే తెలుస్తుంది. విద్యాసంస్థల దగ్గర కేంద్రం వాటిని నెలకొల్పేందుకు చర్యలు తీసుకోవాలి అని ఉంది. కడప ఉక్కు దగ్గర మాత్రం కేంద్ర ప్రభుత్వ సంస్థ స్టీల్ అథారిటీ (సెయిల్) ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలను పరిశీలించాలి అని ఉంది. తేడా అంతా క్రియాపదంలోనే. ‘నెలకొల్పేందుకు’ అన్న వైపు నుంచి కర్నూలు జగన్నాథగట్టు మీద ట్రిపుల్‌ ఐటీ డీఎం (సమాచార సాంకేతికత, డిజైన్, తయారీ విద్యాసంస్థ) వచ్చింది. 2017లో చట్ట సవరణతో అది జాతీయ ప్రాధాన్య సంస్థ అయింది, పట్టాలిచ్చే అధికారం దక్కింది. అనంతపురానికి కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది, 2019 సవరణతో చట్టబద్ధత పొందింది. ఆ రెండు సవరణలూ రాజ్యసభలో ఏదో ఒక మధ్యాహ్నం పెద్ద గొడవ లేకుండా దాటిపోయినవే. వాటి మీద ఎవరు గళమెత్తారో ఎవరికీ గుర్తు లేదు.

‘పరిశీలించాలి’ అన్న వైపు పరిశీలన జరిగింది. గిట్టుబాటు కాదని స్టీల్ అథారిటీ తేల్చింది. చట్టం అడిగింది అంతే కనుక చట్టాన్ని ఉల్లంఘించారని అనడానికీ వీల్లేకపోయింది. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వాలు తమ దారి తాము చూసుకున్నాయి. 2018 డిసెంబర్‌లో మైలవరం మండలం కంబాలదిన్నెలో ఒక శంకుస్థాపన రాయి పడింది, 2019 డిసెంబర్‌లో జమ్మలమడుగు మండలం సున్నపురాళ్ళపల్లెలో మరొకటి, 2023 ఫిబ్రవరిలో అక్కడే ఇంకొకటి. అంతకుముందు 2007 నాటి ప్రైవేటు కర్మాగారం శంకుస్థాపన ఉండనే ఉంది. ఈ నాలుగు రాళ్ళ మధ్య పార్లమెంటులో కడప ఉక్కు ప్రస్తావన ఎన్నిసార్లు వచ్చిందో లెక్క తీస్తే పెద్ద జాబితానే అవుతుంది. 2014 ఫిబ్రవరిలో ఆ ఒక్క క్రియాపదం మీద ఎవరైనా పట్టుబట్టి ఉంటే ఆ జాబితా అంత పొడవు అయ్యేది కాదేమో.

శుక్రవారం మధ్యాహ్నం మరో రకం. ఆ పూట చివరి రెండున్నర గంటలు మంత్రులు కాని సభ్యులవి. ఒక వారం బిల్లులు, ఒక వారం తీర్మానాలు. ఈ ప్రైవేటు బిల్లుల్లో ఇప్పటిదాకా రెండు సభలూ దాటి చట్టమైనవి 14, చివరిది 1970లో. 2015లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల బిల్లును డీఎంకే సభ్యుడు తిరుచ్చి శివ రాజ్యసభలో గెలిపించుకోగలిగారు కానీ అది లోక్‌సభను దాటలేదు. గెలవదని తెలిసి కూడా బిల్లు పెట్టడంలో ఒక ఎత్తుగడ ఉంది: ప్రకటనగా మిగిలిన మాటను తిరిగి చట్టం భాషలోకి లాగి, ఓటు అడిగి, ఏ పార్టీ ఎటు నిలబడుతుందో బయటపెట్టించడం. కాంగ్రెస్ సభ్యుడు కె.వి.పి.రామచంద్రరావు హోదా కోసం పునర్వ్యవస్థీకరణ చట్టానికి సవరణ బిల్లు పెట్టింది అందుకే. 2016లో అది చర్చకు వచ్చింది, సభలో పలు పార్టీలు మద్దతు పలికాయి. చివరకు ఓటింగు వరకు పోనేలేదు. ఇది ఖజానాకు సంబంధించినది కనుక ద్రవ్య బిల్లు అన్న అభ్యంతరం వచ్చింది. ద్రవ్య బిల్లును రాజ్యసభలో ప్రవేశపెట్టడానికే వీల్లేదు. ఏది ద్రవ్య బిల్లో తేల్చే అధికారం లోక్‌సభ స్పీకరుది. ప్రశ్న అటు వెళ్ళింది. 2014లో ఎగువ సభలో పుట్టిన హామీని రెండేళ్ళ తర్వాత అదే సభ ముట్టుకోవచ్చా లేదా అన్నది దిగువ సభలో తేలాల్సి వచ్చింది.

సభ్యుడి పదవీకాలం ముగిస్తే అతని ప్రైవేటు బిల్లుకూ అంతటితో కాలం చెల్లుతుంది. కేవీపీ పదవీకాలం 2020 ఏప్రిల్‌లో ముగిసింది. ఆంధ్రప్రదేశ్‌కు హోదా కోరుతూ ఆ బిల్లు పెట్టిన నాడు, 2014 నాటి చీటీల లెక్క ప్రకారం, ఆయన తెలంగాణ సభ్యుడు.